నీళ్లు ఆపిన ఆశమ్మ

మా ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. రేషన్ కార్డులో ఒక పేరుంది, బ్యాంకు పుస్తకంలోనూ ఉంది. కానీ పదహారేళ్లుగా చిన్నా పెద్దా అందరికీ నేను ఆశమ్మనే. ఆశా కార్యకర్తను కాబట్టి ఆశమ్మను. గర్భిణుల వివరాలు రాసుకోవడం, బాలింతల ఇళ్లకు పోయి చూసి రావడం, టీకాల రోజు పిల్లల్ని పోగు చేయడం, జ్వరం వచ్చినవాళ్లను దవాఖానకు తోలుకుపోవడం నా పని. ఇటిక్యాల మండలంలో మాదొక చిన్న ఊరు. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడవడానికి పావుగంట చాలు, కానీ నాకు ఎప్పుడూ రెండు గంటలు పడుతుంది. ప్రతి గడప దగ్గరా ఎవరినో ఒకరిని తిట్టాలి కదా.

తిట్టడం నిజమే. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా విషయంలో అది పనిచేయలేదు. నా నోటికి భయపడే ఊళ్లో రోగాలు తగ్గాయని మా ఆయన అంటాడు. మాత్రలు మింగని గర్భిణులను తిట్టాను, టీకా రోజు పిల్లను ఎత్తుకొని చేనుకు పారిపోయిన తల్లులను తిట్టాను. అన్నిటికంటే ఎక్కువగా, పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు నీళ్లు ఆపేసే ఆడవాళ్లను తిట్టాను. నీళ్లు ఆపొద్దు. ఓఆర్ఎస్ పాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. తాగింది కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో పోయాలి. నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం తడుముకోకుండా చెప్పగలను.

అట్లాంటి దాన్ని, పోయిన ఏడాది వేరుశనగ పీకే రోజుల్లో, నా ఇంట్లో నా చేతులతోనే నీళ్ల గిన్నె తీసి గూట్లో పెట్టాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే అయింది. నేను నీళ్లు ఆపింది మా కుక్కకు.

ఆ కుక్క సంగతి ముందు చెప్పాలి. ఎర్రవల్లి చౌరస్తాలో ఒక దాబా ముందు నిలబడి, వచ్చీపోయే లారీలకు తోక ఊపుతుంటే మా ఆయన తువాలలో చుట్టుకొని తెచ్చాడు. ఇప్పటికీ చేటలో పడుకోబెడితే చేట నిండదు. ఒళ్లంతా తెల్లని బొచ్చు, ఒక చెవి మాత్రం టీ ఒలికిన రంగు. కారులో పోయే పట్నంవాళ్లెవరో వదిలేసి ఉంటారు. రెండ్రోజులు ఉంచుకుందాం, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఇచ్చేద్దాం అన్నాడాయన. ఎవరూ రాలేదు. పేరు పెడితే ఉండిపోతుందని నేను పేరు పెట్టలేదు. పేరు లేకుండానే ఉండిపోయింది. ఏయ్ అంటే వస్తుంది, పో అన్నా వస్తుంది.

మాకు పిల్లలు లేరు. పెళ్లయి పందొమ్మిదేళ్లు. కర్నూలు దవాఖానలు అయ్యాయి, మొక్కులు అయ్యాయి, ఇంక చాలనుకోవడమూ అయింది. ఈ పదహారేళ్లలో ఊళ్లో పుట్టిన పిల్లలు చాలామందిని తూకం వేసింది నేనే. ఏ బిడ్డ ఎంత బరువుతో పుట్టిందో వాళ్ల తల్లులు మరిచినా నాకు గుర్తుంటుంది. కుక్కను బిడ్డ అని నేనెన్నడూ అనలేదు. అంటే ఊరు నవ్వుతుంది. అనుకోలేదని మాత్రం చెప్పలేను.

చలికాలం వేసే యాసంగి పంటగా మేము రెండెకరాలు కౌలుకు పట్టి వేరుశనగ వేస్తాం. పీకిన కాయలు వాకిట్లో పట్టా మీద ఆరబోస్తాం. ఆ పది పదిహేను రోజులు మా దిక్కు ఊళ్లన్నీ పచ్చికాయ వాసన వేస్తాయి. ఉడకబెట్టినవి, కాల్చినవి, పచ్చివి, ఎవరి నోరు చూసినా ఆడుతూనే ఉంటుంది. అప్పుడు ప్రతి ఇంట్లో తల్లులు ఒక మాట అంటారు: పల్లికాయ తిని నీళ్లు తాగొద్దు. తాగితే దగ్గొస్తుందని కొందరు, కడుపు పారుతుందని కొందరు. మా అమ్మ అయితే మేము కాయలు తిన్న గంటసేపు కుండ దగ్గర కాపలా కూర్చునేది. నాకు ఇచ్చిన శిక్షణ పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా లేదు. ఉందా లేదా అని నేనెప్పుడూ వెతకలేదు. అన్నం తినేముందు చేతులు కడుక్కున్నట్టు, పల్లికాయ తిన్నాక నీళ్ల దగ్గరికి పోకపోవడం నాకు అలవాటైపోయింది.

మా కుక్క ఆ ఏడాది కాయలు ఒలవడం నేర్చింది. ముందు కాళ్ల మధ్య కాయ పెట్టుకొని పటుక్కున కొరికేది. మా ఆయన మురిసిపోయి, కూలికి రెండు చేతులు కాదు రెండు కాళ్లు చాలని చుట్టుపక్కలవాళ్లను పిలిచి మరీ చూపించాడు. రెండు రోజులు అది కుప్ప పక్కనే పడుకొని తిన్నంత తిన్నది. ఒలిచిన గింజలు సరే, పొట్టూ మట్టీ కూడా పోయాయి లోపలికి. మేము నవ్వుతూ చూశాం.

మూడో రోజు తెల్లవారాక గడప పక్కన కక్కింది. పల్లి ముక్కలు, పొట్టు. తిండిపోతు దానా అని తిట్టి బూడిద పోసి ఎత్తేశాను. కాసేపటికి విరేచనం మొదలైంది. అది గిన్నె దగ్గరికి పోయి గటగటా నీళ్లు తాగింది, రెండడుగులు నడిచి మొత్తం కక్కింది. మళ్లీ పోయి తాగింది, మళ్లీ కక్కింది. నాలుగోసారి కక్కుతుంటే వీపు విల్లులా వంగి, చివరకు నురుగు తప్ప ఏమీ రాలేదు. ఐదోసారి అది గిన్నె వైపు నడుస్తుంటే నేను ముందే పోయి గిన్నె తీసేశాను. పల్లికాయ తిని నీళ్లు తాగుతోంది, అందుకే ఆగడం లేదు, కడుపు కాస్త ఆరనీ అనుకున్నాను. అంతకంటే ఒక్క ముక్క ఆలోచించలేదు. అది నా మొహంలోకి చూసింది. నేను గిన్నె గూట్లో పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకొని టీకాలకు పోయాను.

ఆ రోజు సబ్ సెంటర్లో పిల్లలు ఎక్కువ వచ్చారు. మధ్యాహ్నానికి గాని తెమల్లేదు. తిరిగొచ్చి గేటు తీస్తే అది ఎదురు రాలేదు. పెరట్లో, గిన్నెలు తోమే బండ మీద ఉంది. పొద్దున కడిగిన తడి, బండ సందులో ఇంకా కొంచెం మిగిలి ఉంటే, అక్కడ నాలుక ఆనించి నాకుతోంది. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు. ఎండకు తట్టుకోలేక చల్లని చోటు చూసుకుందని అనుకొని, ఎత్తి తెచ్చి గోనె సంచి మీద పడుకోబెట్టాను. చేతిలో బరువే లేదు. బొచ్చు తప్ప లోపల ఏమీ లేనట్టుంది. దాని వెనక వాకిలంతా జిగట జిగటగా, అక్కడక్కడా ఎర్రని చారలు.

ఆ ఎర్రచారలు చూశాక ఇంట్లోకి పరుగెత్తాను. మేకుకు వేలాడుతున్న నా సంచి దించి మాత్రలు బయటికి తీశాను. మనుషులకైతే ఏది సగం, ఏది ఒకటి అని కళ్లు మూసుకొని చెప్తాను. ఇంత చిన్న ప్రాణానికి ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వొచ్చో లేదో తెలియక తిరిగి లోపల పెట్టేశాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, కాయలు దులిపే మిషన్ చప్పుడులో ఆయనకు వినిపించదు. మండలంలో పశువుల దవాఖానకు చేస్తే, డాక్టరు పక్క ఊళ్లో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించడానికి పోయాడని, సాయంత్రానికి గాని రాడని చెప్పారు. ఫోన్ పక్కన పెట్టి మెట్టు మీద కూర్చొని ఏడ్చాను. నోరున్న ఆడది ఏడిస్తే ఊరికి వింతగా ఉంటుంది. అందుకే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

ఎంత కుక్కుకున్నా గోడ అవతలికి వినపడింది. మా పక్కిల్లు ఒక ముస్లిం కుటుంబం. కొడుకు ఆటో నడుపుతాడు, కోడలు బట్టలు కుడుతుంది. ఇంటి పెద్ద దిక్కు ఆటో అతని తల్లి. మనవడు ఆమెను దాదీ అంటాడు కాబట్టి వాడకట్టంతా ఆమెను దాదీ అనే అంటుంది. మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడే అడ్డం. అయినా ఆరేళ్లుగా ఆమెకూ నాకూ మాటల్లేవు.

దానికి కారణం నా నోరే. ఆరేళ్ల కిందట వానాకాలంలో ఆ మనవడికి ఏడాదిన్నర వయసు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నేను పోయి చూసేసరికి పిల్లాడి కళ్లు లోపలికి పోయాయి, ఏడ్చినా కన్నీళ్లు రావడం లేదు. నీళ్లు పోస్తున్నారా అని అడిగితే కోడలు అత్త వైపు చూసింది. దాదీ నీళ్ల చెంబు అల్మారాలో దాచింది. ఏది పోసినా కక్కుతుండు, కడుపుకు జర ఆరామ్ కావాలె అన్నది. నాకు ఒళ్లు మండింది. పది మంది వాకిట్లో ఉండగా, సదువు లేకపోతే లేకపాయె, బుద్ధి గూడ లేదా అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయదగ్గ మాటలు కావు. ఆమె అన్నీ విని చివరికి ఒక్క మాటే అన్నది.

"కనని దానివి. తల్లి కడుపు నీకేం తెలుసు?"

నేను పిల్లాడిని లాక్కొని ఓఆర్ఎస్ పట్టించాను, దవాఖానకు తీసుకుపోయాను. నాలుగో రోజుకు వాడు వాకిట్లో ఆడుకున్నాడు. ఆ రోజు నుంచి దాదీ నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. నేనూ తిప్పుకునేదాన్ని. నేనే గెలిచాననుకున్నాను. గెలిచినవాళ్లకు ఆ మాట రోజూ ఎందుకు గుర్తొస్తుందో మాత్రం ఆలోచించలేదు. కుక్క వచ్చాక ఆమె మా గడప దరిదాపులకు కూడా రాలేదు. ఐదు పూటలూ నమాజు చేసే మనిషి. కుక్క చొంగ బట్టకు తగిలితే ఆ బట్టతో నమాజుకు నిలబడరు వాళ్లు. అది గేటు సందులోంచి దూరి అటు పోతే చీర చెంగు ఎత్తిపట్టుకొని పక్కకు జరిగేది.

ఆ మధ్యాహ్నం ఆమె మా గేటు తీసుకొని లోపలికి వచ్చింది. నేను కళ్లు తుడుచుకొని తల పక్కకు తిప్పుకున్నాను. ఆమె నన్ను కాదు, కుక్కను చూసింది. దాని నోరు చూసింది, వాకిట్లోని మరకలు చూసింది, చుట్టూ ఏదో వెతికింది.

"నీళ్ల గిన్నె ఏడబెట్టినవ్?" అని అడిగింది.

"తీసేసిన. తాగినకొద్ది కక్కుతుంది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవికి వినిపించింది. నన్ను నిలబెట్టి, ఆరేళ్ల కిందటి పది మందిని పిలిచి, నేనన్న మాటలన్నీ నాకే వడ్డీతో తిరిగి అప్పజెప్పడానికి అంతకంటే మంచి సమయం ఆమెకు దొరకదు. నేనైతే వదిలేదాన్ని కాదు. ఆమె మెల్లగా గోనె సంచి పక్కన కూర్చున్నది.

"పది నిమిషాలు ఆగి చెంచాతోని పొయ్యాలె," అన్నది. "నువ్వు చెప్తేనే గద మాకు తెల్సింది."

దెప్పిపొడుపు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. గొంతు మామూలుగా ఉంది. నేను లేచి పరుగెత్తాను. సంచిలో ఎనిమిది ఓఆర్ఎస్ పాకెట్లు ఉన్నాయి. పొద్దుటి నుంచీ అవి దాని నెత్తి మీదే, మేకుకు వేలాడుతూ ఉన్నాయి. కాచి చల్లార్చిన నీళ్లు కూడా బిందెలో ఉన్నాయి. ఊరికి చెప్పి ఊరికి చెప్పి అలవాటైన ఇల్లు కదా, అన్నీ సిద్ధంగానే ఉంటాయి.

తొందరలో మొదటి చెంచా దాని చెవిలో పోశాను. అప్పుడు దాదీ చేసిన పని నేను బతికినన్నాళ్లు మరువను. ముందుకు జరిగి, దాని తల రెండు చేతులతో ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నది. నురుగు, చొంగ, పొద్దుటి నుంచి మూతికి అంటుకున్నదంతా ఆమె చీరకు అంటింది. దాదీ, నీ నమాజు చీర అన్నాను.

"ఉతికితే పోతది బిడ్డా. నువ్వు పొయ్యి," అన్నది.

దవడ పక్కన పెదవి కొంచెం లాగితే సంచిలా తెరుచుకుంటుంది. అక్కడ చెంచా పోసి ఆగాం. అది మింగింది. ఫోన్లో టైము చూస్తూ కూర్చున్నాం. మొదటిది కక్కింది. పది నిమిషాలు ఆగి ఇంకో చెంచా పోశాం. దాన్నీ సగం కక్కింది. నాకు మళ్లీ ఏడుపు తన్నుకొచ్చింది. దాదీ నా వైపు చూడకుండానే ఇంకో చెంచా పొయ్యమన్నది. మూడోది నిలిచింది, నాలుగోది కూడా నిలిచింది. కానీ అది కళ్లు తెరవడం లేదు. ఇట్ల లాభం లేదు, డాక్టరు ఎక్కడుంటే అక్కడికే పోదాం అని దాదీయే కొడుకుకు ఫోన్ చేసింది. ఎర్రవల్లి దగ్గర ప్యాసింజర్ల కోసం ఎదురుచూస్తున్న అతను ఖాళీ ఆటో తోలుకొని వచ్చాడు. దాదీ దాన్ని ఒళ్లోంచి దించకుండానే ఆటో ఎక్కింది. నేను చెంబు, చెంచా పట్టుకొని పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా గుంతలకు నీళ్లు ఒలుకుతుంటే, ఒలికింది పోగా మిగిలింది పోస్తూ పోయాం.

పక్క ఊరి బయట, బీడులో వందల గొర్రెలున్నాయి. ముళ్లకంప అడ్డం పెట్టి ఒక సందు చేశారు. ఒక్కో గొర్రె ఆ సందులోంచి వస్తుంటే దవడ పట్టి మందు తాగించి వదులుతున్నారు. డాక్టరు చొక్కా చేతులు మడిచి, దుమ్ములో తెల్లబడి వాళ్ల మధ్యే నిలబడి ఉన్నాడు. మేము కుక్కను పట్టుకొని పోతే గొర్రెలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి వరుస కట్టించుకున్న మందలు అవి. నాలుగు తిట్లు తప్పవని తల దించుకున్నాను. గొంగడి భుజాన వేసుకున్న ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి దాదీ చేతుల్లోకి తొంగి చూశాడు.

"ముందుగాల దీన్ని చూడు సారూ," అన్నాడు. "మా గొర్లు యాడికి పోతయ్."

డాక్టరు దాన్ని మందుల పెట్టె మూత మీద పడుకోబెట్టించాడు. మెడ వెనక చర్మం రెండు వేళ్లతో పైకి లాగి వదిలాడు. అది వెంటనే కిందికి దిగలేదు, లాగినది లాగినట్టే నిలబడింది. ఆ పరీక్ష నాకు తెలుసు. పిల్లల పొట్ట మీద అట్లాగే చర్మం లాగి చూసి ఒంట్లో నీళ్లు ఎంత తగ్గాయో చెప్పడం మాకు నేర్పారు. ఎన్ని పొట్టల మీద చూశానో లెక్కలేదు. పొద్దున దీన్ని ఒక్కసారి అట్లా చూడాలని నాకు తోచలేదు.

పొద్దుటి నుంచి నీళ్లు తాగిందా అని ఆయన అడిగాడు. నా ఒంటి మీద ఆశా కార్యకర్తల యూనిఫాం చీరే ఉంది. చుట్టూ పది పదిహేను మంది గొర్రెలవాళ్లు ఉన్నారు, వాళ్లలో సగం మంది ఇళ్లల్లో పిల్లలకు నా తోటి ఆశాలు ఇదే పాఠం చెప్పి ఉంటారు.

"నేనే ఆపిన సార్," అన్నాను. "పల్లికాయ తిన్నది, నీళ్లు తాగితే ఇంక పారుతదని."

ఆయన నా చీర వైపు ఒకసారి చూశాడు, అంతే. రెండు భుజాల మధ్య వదులు చర్మం కింద సూది పెట్టి సెలైను ఎక్కించాడు. అక్కడ నిమ్మకాయంత, తర్వాత బత్తాయంత ఉబ్బింది. అది మెల్లగా ఒంట్లోకి ఇంకుతుందని చెప్పి, వాంతులు ఆగడానికి ఇంకో సూది వేశాడు. పచ్చికాయలు, పొట్టు పేగులను గీరేశాయని, కానీ ప్రాణం మీదికి తెచ్చింది కాయలు కాదు, నీళ్లు లేకపోవడమని అన్నాడు. దారి పొడుగునా చెంచాతో పోస్తూ వచ్చామని దాదీ చెప్పింది. ఆ చెంచాలే ఇక్కడిదాకా తెచ్చాయన్నాడు. మనుషుల మాత్రలేమైనా వేశారా అని అడిగితే లేదన్నాను. మంచి పని చేశారన్నాడు. పొద్దుటి నుంచి నన్ను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అందుకే గుర్తుంది. రాత్రికి తిండి పెట్టొద్దని, చెంచా నీళ్లు మాత్రం ఆపొద్దని, పొద్దుటికి వాంతి లేకపోతే మెత్తటి అన్నం రెండు ముద్దలు పెరుగుతో పిసికి పెట్టమని, రక్తం ఇంకా పడితే వెంటనే రమ్మని చెప్పి మళ్లీ గొర్రెల దగ్గరికి పోయాడు. చెదిరిన మందను ఆ పెద్దాయన అప్పటికే మళ్లేసి తెచ్చాడు. ఆయనకు దండం పెడితే, కుక్కకు దండమెందుకమ్మా, బతకనీ అన్నాడు. నేను కుక్కకు కాదు ఆయనకే పెట్టానని చెప్పాల్సింది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం చేసే అసర్ నమాజు వేళ దాటిపోతోంది. దాదీ స్నానం చేసి, వేరే చీర కట్టుకొని నమాజు చేసుకున్నది. నేను ఆ పాత చీర ఉతుకుతానంటే ఇవ్వలేదు. తనే ఉతికి మా ఇద్దరి నడుమ గోడ మీద ఆరేసి, మళ్లీ వచ్చి కూర్చున్నది. మా ఆయన చేను నుంచి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. కుక్క చావుబతుకుల్లో ఉందని, నేను ఆటోలోంచి మళ్లీ చేసిన ఫోన్లో తెలిసే వచ్చాడు గానీ, మా వాకిట్లో దాదీ కూర్చొని ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

దీపాలు పెట్టే వేళకు అది కళ్లు తెరిచింది. చెంచా దగ్గరికి తెస్తే తనే నాలుక చాపింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. నా బతుకులో ఎవరినీ క్షమించమని అడిగినదాన్ని కాదు, ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. దాదీ, ఆనాడు పది మందిల నిన్ను గట్ల అనొద్దుండె అన్నాను. ఆమె కుక్క చెవి నిమిరింది.

"నేనన్న మాట గంతకన్న చెడ్డది బిడ్డా," అన్నది. "కనని దానివి, నీకేం తెల్వదంటి. తెల్వని దానివైతే నీళ్లెందుకు ఆపుతవ్? పానం కొట్టుకుంటేనే గద ఆపుతరు."

పదహారేళ్లు నేను ఊరికి చెప్పిన పాఠంలో లేని ముక్క అదే. నీళ్లు ఆపే తల్లులకు బుద్ధి లేదనుకున్నాను. బుద్ధి ఉంటుంది, భయం దాన్ని కాసేపు పక్కకు నెట్టేస్తుంది. మనం ప్రాణంగా చూసుకునేది మన కళ్లముందు మెలికలు తిరిగి కక్కుతుంటే, కక్కించేదాన్ని దూరం చేయాలని చెయ్యి దానంతట అదే పోతుంది. నా చెయ్యీ పోయింది. ఆమె చెయ్యీ అట్లాగే పోయి ఉంటుంది, ఆరేళ్ల కిందట. ఆ చేతిని నేను పది మందిలో కొట్టాను. దాదీకి నేను తీర్చుకోలేని రుణం ఒళ్లో కుక్కను పెట్టుకున్నందుకు మాత్రమే కాదు. ఆమె మాట తిరిగి తీసుకుంటూ నాకొకటి ఇచ్చింది. అది ఇవ్వగలిగిన మనిషి ఊరంతటిలో ఆమె ఒక్కతే.

తెల్లవారి అది లేచి నిలబడింది. కాళ్లు తడబడుతూ గోడ దాకా నడిచి, అటు వైపు చూసి తోక ఊపింది. పెరుగన్నం రెండు ముద్దలు తిన్నది, మూడోది కావాలని నా చేతిని నాకింది, నేను పెట్టలేదు. వారానికి మామూలైంది. వాకిట్లో కాయలు ఉన్నన్నాళ్లు మా ఆయన దాన్ని మంచం కోడుకు కట్టేసి, దాని వైపు చూడలేక తను చేనులోనే ఎక్కువసేపు గడిపాడు. దాదీ ఇప్పటికీ దాన్ని ముట్టుకోదు. చీర చెంగు ఎత్తిపట్టుకొనే పక్కకు జరుగుతుంది. కాకపోతే జరిగేముందు, తిన్నదా అని అడుగుతుంది.

ఆ వానాకాలం కింది వాడలో ఒక ఇంటికి పోయాను. కొత్తగా కాపురానికి వచ్చి తల్లైన పిల్ల, ఆమె బిడ్డకు తొమ్మిది నెలలు. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. నన్ను చూడగానే ఆ పిల్ల, బిడ్డకు పట్టకుండా పక్కన పెట్టిన నీళ్ల గ్లాసును కాలితో మంచం కిందికి నెట్టింది. నా నోటి సంగతి ఆమెకు అత్తగారు చెప్పే ఉంటుంది. అలవాటుగా ఒక తిట్టు నా నాలుక దాకా వచ్చింది. మింగేసి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఎన్నిసార్లు కక్కిందని అడిగాను. ఆరుసార్లన్నది. భయమైతుందా అని అడిగాను. అప్పటిదాకా బిగబట్టుకున్న పిల్ల భోరుమని ఏడ్చింది.

"నేను గూడ ఆపిన నీళ్లు," అన్నాను.

ఆమె ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. నాకు పిల్లల్లేరని ఊళ్లో అందరికీ తెలుసు.

"ఎవరికి ఆశమ్మా?"

"మా ఇంట్ల పిల్లకు. కుక్కపిల్ల."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టి, నీళ్లు తేవడానికి లేచింది.